మా అక్క సవతి ఆయాసం

ఇది వీరగాథ. ఒక పక్క ఎడారి, ఇంకో పక్క చెట్టన్నది లేని రాతికొండలు, మధ్యలో ఒంటరిగా ఒక ముసలి రథం. దాన్ని ప్రాణంలా చూసుకునే ఒక మనిషి. అతనికి ఎదురుగా ఎండ, కాలం, కట్టుకున్న భార్య. ఆఖరికి ఎవరు గెలిచారో చదివేసరికి మీ కళ్లు చెమ్మగిల్లుతాయి.

అలాంటిదేం లేదు. మా బావ పాత కారు కొండ ఎక్కనంది. జరిగింది అంతే. కళ్లు చెమ్మగిల్లిన మాట నిజమేగానీ, అది పెట్రోలు వాసనకి.

కరోనా సద్దుమణిగాక నేను విజిట్ వీసా మీద ఉద్యోగం వెతుక్కుంటూ దుబాయ్ వచ్చి, అల్ కుసైస్‌లో మా అక్కాబావల ఫ్లాట్‌లో, హాల్లో సోఫా మీద స్థిరపడ్డాను. పొద్దున్నే లేచి కంపెనీలకి బయోడేటాలు పంపేవాణ్ణి. వాళ్లు జవాబు ఇచ్చేవాళ్లు కాదు. ఈ కార్యక్రమం టిఫిన్ లోపే ముగిసేది కాబట్టి మిగతా రోజంతా కుటుంబానికి అందుబాటులో ఉండేవాణ్ణి. అలా బావ కారుకి తోసేవాడిగా నా నియామకం జరిగింది. గల్ఫ్‌లో నా మొదటి ఉద్యోగం అదే. జీతం లేదుగానీ, చేతినిండా పని ఉండేది.

బావది వరంగల్. ఇన్సూరెన్స్ కంపెనీలో చేస్తాడు. దెబ్బతిన్న బండ్ల ఫోటోలు చూసి, ఇది బండి వయసు వల్ల వచ్చిన లోపం, మాకు సంబంధం లేదు అని తేల్చి చెప్పడం ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి లాక్‌డౌన్‌లో, అందరూ బాల్కనీల్లో టమాటాలు పెంచుకుంటుంటే, తనకంటే పెద్ద వయసున్న ఇంగ్లీషు కారు కొన్నాడు. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక తెల్ల ముసలాయన అమ్మాడు. ఇక్కడి చిక్కటి పాల టీ, కరక్ చాయ్ రంగు. ఏసీ లేదు. దుబాయ్‌లో ఏసీ లేని కారంటే చలికాలంలో కారు, ఎండాకాలంలో పొయ్యి. అందుకని సగం ఏడాది అది బిల్డింగ్ వెనక ఇసుక పార్కింగులో ముసుగు తన్ని పడుకునేది. మిగతా సగం ఏడాది మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టేది.

బావ దాన్ని ముసలామె అనేవాడు. మా అక్క నా సవతి అనేది. అక్క ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు, మాట కొలిచి వాడుతుంది. సెలవు రోజు పొద్దున్నే మొగుడు లేచి ముందు ఎవరి మొహం చూడ్డానికి కిందకి దిగుతాడో, ఎవరి ఒళ్లు తుడుస్తాడో, ఎవరికి జబ్బు చేస్తే అన్నం మానేస్తాడో లెక్క వేసి ఆ మాట ఖాయం చేసింది.

సవతి అన్నదేగానీ మర్యాదల్లో లోటు చెయ్యలేదు. మాది కాకినాడ. శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్టు పెట్టకపోతే మా అక్కకి ఆ రోజు మొదలైనట్టే ఉండదు. ఫ్లాటుకి గడప ఎక్కడిది? తలుపు కింద స్టీలు పట్టీ ఒకటి ఉండేది. దాని మీద పసుపు నిలిచేది కాదు. నిలిచిన కాస్త పసుపూ కారిడార్ టైల్స్‌కి అంటుకుంటోందని ఇక్కడ నాతూర్ అని పిలిచే బిల్డింగ్ వాచ్‌మన్ వచ్చి మర్యాదగా మొత్తుకున్నాడు. దాంతో ఆ పసుపు గిన్నె లిఫ్టెక్కి కిందకి దిగింది. కారు వచ్చిన రోజు ఎలాగూ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పొద్దున్నే బానెట్‌కి ఒక బొట్టు, స్టీరింగ్‌కి ఒక బొట్టు, వెనక వెండి గిన్నెలా గుండ్రంగా మెరిసే పెట్రోలు మూతకి ఒక పెద్ద బొట్టు. అది అమ్మవారి మొహంలా ఉంటుందని దానికి పసుపు దట్టంగా రాసి, నడిమధ్య కుంకుమ అద్దేది. పార్కింగులో కార్లు కడిగే బంగ్లాదేశీ అతను కూడా ఆ మూతని ముట్టుకోకుండా చుట్టూ తుడిచేవాడు. దేవుడి విషయం, మనకెందుకని.

ఇక జబ్బు సంగతి. ముసలామె పొద్దున్న బ్రహ్మాండంగా స్టార్ట్ అయ్యేది. వీధి దాటేది, సిగ్నల్ దాటేది. కాస్త దూరం పోయాక యాక్సిలరేటర్ నొక్కితే ముందు ఒక దగ్గు, తర్వాత ఒక ఆలోచన. నొక్కినకొద్దీ ఆలోచన లోతయ్యేది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే వెనక ట్యాక్సీలు హారన్లతో సలహాలిచ్చేవి. ఆఖరికి ఒక నిర్ణయానికొచ్చి ఆగిపోయేది.

ఆగగానే బావ చేసే మొదటి పని ఒకటుంది. ఆ కారులో పెట్రోలు ముల్లు ఎప్పుడో సగం దగ్గర చచ్చిపోయింది. ట్యాంకు నిండా ఉన్నా సగమే, ఖాళీ అయినా సగమే. అందుకని కబాబ్ కొట్టు నుంచి తెచ్చిన పొడుగాటి వెదురు పుల్ల ఒకటి డిక్కీలో ఉండేది. బావ దిగి, మూత తిప్పి తీసి, పుల్ల ట్యాంకులో ముంచి, తడి ఎంతవరకూ ఉందో చూసి, వాసన కూడా చూసి, "పెట్రోల్ అయితే ఉన్నది" అనేవాడు. ప్రతిసారీ అదే మాట, డాక్టరు నాడి చూసినట్టు. మూత బిగించి, ఆ తర్వాత అసలు వైద్యం మొదలుపెట్టేవాడు.

తమాషా ఏంటంటే, చాలాసార్లు ఏ వైద్యం చేసినా నయమైపోయేది. మొదటిసారి, వాళ్ల ఊరి జీపులవాళ్లు ఘాట్ రోడ్డులో చేసేవారని, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేశాడు. స్టార్టయింది. గుర్రంలా ఇంటికొచ్చింది. ఇక ఆ నెలంతా మా ఇంట్లో ఉతికిన తువ్వాలు ఒక్కటి మిగల్లేదు. ఇంకోసారి తడిగుడ్డ మర్చిపోయి నన్ను తోయమన్నాడు. తోశాను. స్టార్టయింది. అయితే రోగం పంపులో కాదు, నేను తోస్తేనే కదలడం దానికి అలవాటైంది అన్నాడు. మరోసారి ఏమీ తోచక కార్బురేటర్‌ని స్పానరుతో రెండు దెబ్బలు కొట్టాడు. స్టార్టయింది. ఒకసారైతే దిగులుగా పక్కన నిలబడి అక్కకి ఫోన్ చేసి, మాట్లాడ్డం అయ్యాక తాళం తిప్పితే స్టార్టయింది. ఆ సిద్ధాంతం అక్కకి నచ్చింది. బావకే పెద్దగా నచ్చలేదు.

ఏ వైద్యమూ పనిచెయ్యని రోజున, ఆగిన కార్లని ఎక్కించుకుపోయే రికవరీ బండి. దాని పఠాన్ డ్రైవర్ మాకు దాదాపు చుట్టమైపోయాడు. ఫోన్ ఎత్తి హలో కూడా అనేవాడు కాదు, "ఆజ్ కహాఁ?" అనేవాడు. ఈ రోజు ఎక్కడ అని. అతను వచ్చేలోపు బావ విసుగుపుట్టి ఇంకోసారి పుల్ల ముంచి చూసేవాడు. అతను వచ్చాక కారు మర్యాదగా స్టార్టయ్యేది. అతను గొలుసులు విప్పుకుంటూ మా వైపు చూసే చూపు చూశాక, అతనికి పులిహోర పెట్టి పంపకుండా ఉండలేకపోయేవాళ్లం.

ఇక అల్ ఖూజ్‌లో ఒక మెకానిక్ షెడ్డు. అక్కడొక లాహోర్ ఉస్తాద్. మొదటి రోజే బానెట్ ఎత్తి, లోపలికి ఒక్క చూపు చూసి, "కహీఁ కచ్‌రా హై" అన్నాడు. ఎక్కడో చెత్త అడ్డుపడిందని. చెత్త ఎక్కడుందో వెతకడానికి కార్బురేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు గీకాడు. ఫిల్టర్ మార్చాడు. పైపుల్లోకి కంప్రెసర్ గాలి కొట్టాడు. పని అవగానే షెడ్డు చుట్టూ ఒక్క రౌండు తిప్పి, "ఖలాస్, అబ్ ఘోడా హై" అనేవాడు. ఒక్క రౌండుకి ఎవరి కారైనా గుర్రమే. ఆ గుర్రం మమ్మల్ని ఎక్కించుకుని సగం దారిలో గాడిదయ్యేది. ఆఖరికి ఉస్తాద్‌కి కూడా ఓపిక పోయి, ఇక ఇంజన్ మొత్తం విప్పాల్సిందే అన్నాడు.

ఆ మాట అక్క చెవిన పడింది. అప్పటికే ఒక కఫే ఓనరు ఆ కారు మీద కన్నేసి ఉన్నాడు. ఇంజన్ తీసేసి, కఫే మధ్యలో పెట్టి, లోపల టేబులు వేసి, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి సెల్ఫీలు తీయిస్తాడట. నాకైతే మంచి ఆలోచనే అనిపించింది. ఎలాగూ కదలకుండా ఉండటం దానికి బాగా వచ్చు. కానీ బావ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. చెయ్యి కడుక్కుంటూ, "దాని గుండె తీసేసి లోపల కేకులు పెడ్తడట బామ్మర్ది" అన్నాడు. నేను ఏదో జోకు వెయ్యబోయి, ఆయన మొహం చూసి మానేశాను. అలా మానెయ్యడం నాకు అలవాటు లేదు.

అక్క మాత్రం లెక్క తేల్చేసింది.

"శనివారం కల్బా వెళ్లి రావాలి. దార్లో ఆ రికవరీ బండి మొహం చూడకూడదు. చూశామా, సోమవారం కఫే వాడికిచ్చేస్తున్నాం."

"గా కల్బానే ఎందుకు?" అన్నాడు బావ.

"కొండలున్నాయి కాబట్టి. మీ ముసలామె నేల మీద నాటకాలాడుతుంది. ఎత్తు మీద ఆడలేదు."

కల్బా అవతలి తీరంలో ఉంటుంది. షార్జా దాటి, మలీహా ఇసుక దాటి, కొండల్లోంచి వెళ్లాలి. బావ ఆ వారమంతా ఆఫీసులో ఎవరి క్లెయిమూ తిరస్కరించలేదట. నాకైతే అదొక చెడ్డ శకునంలా అనిపించింది.

శుక్రవారం అక్క కిందకి దిగింది. షరతు పెట్టింది తనే అయినా, పెద్ద ప్రయాణం కదా అని పసుపులో కాస్త నువ్వుల నూనె కలిపి, ఎప్పటికంటే రెట్టింపు మందంగా మూతకి పట్టించింది. కుంకుమ కూడా బొటనవేలితో గట్టిగా అద్దింది. సవతిని అమ్మేద్దామనుకుంటూ, క్షేమంగా వెళ్లి రమ్మని దీవించడం ఏ లెక్కలోకి వస్తుందో నేను అడగలేదు. పైకెళ్లాక నాకు దోశ వెయ్యాల్సింది తనే.

శనివారం పొద్దున్న బయల్దేరాం. బావ డ్రైవింగ్, పక్కన అక్క. వెనక నేను, తడి తువ్వాళ్ల బకెట్టు, పులిహోర డబ్బా. పులిహోర మాకోసమే, రికవరీ అతని కోసం కాదని అక్క ముందే స్పష్టం చేసింది. షార్జా దాకా ముసలామె కొత్త పెళ్లికూతురిలా నడిచింది. మలీహా దగ్గర ఒక దగ్గు. బావ రేడియో సౌండు పెంచాడు. ఇంకో దగ్గు. అక్క తగ్గించింది. ఒంటెలు కంచె వెనక నుంచి మమ్మల్ని చూశాయి. ఆ చూపులో జాలి ఉందని నేను ఒట్టేసి చెప్పలేను.

కొండలు మొదలయ్యాయి. మూడో గేరు, రెండో గేరు, ఒకటో గేరు. సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని దాటుతూ, ఏమన్నా సాయం కావాలా అని అడిగాడు. అడుగుతూనే దాటేశాడు. ఆ తర్వాత కారు ఆలోచనలో పడి, నిర్ణయం తీసుకుని, రోడ్డు పక్కన కంకర మీద ఆగింది.

బావ దిగి, అలవాటు ప్రకారం పుల్ల తీసుకుని వెనక్కి వెళ్లాడు. అక్క కూడా దిగింది. ఆవిడ ఆ కారులో అంత దూరం రావడం అదే మొదటిసారి. బావ మూత తిప్పాడు.

సుయ్‌య్‌మని శబ్దం వచ్చింది.

మామూలుగా మేం ఆగేది లారీల రోడ్ల మీద. లేదంటే ఉస్తాద్ షెడ్డులో, అక్కడ పొద్దస్తమానం కంప్రెసర్లు బుసలు కొడుతుంటాయి. ఈ కొండల్లో ఈగ ఎగిరినా వినపడుతుంది.

"ఏంటా చప్పుడు?" అంది అక్క.

"మూత తీస్తే గట్లనే వస్తది."

"ప్రతిసారీ వస్తుందా?"

బావ ఆలోచించాడు. ఎప్పుడన్నా విన్నాడేమోగానీ, ముసలామె ఊపిరి పీల్చుకుంటోంది అనుకుని ఉంటాడు. ఆ మాటే అన్నాడు కూడా. అక్క ఆయన్ని, వెనక బెంచీ కుర్రాణ్ణి చూసినట్టు చూసింది.

బావ బకెట్టు కోసం వచ్చాడు. నేను తోయడానికి చొక్కా చేతులు మడుచుకుంటున్నాను. అక్క ఇద్దర్నీ ఆపేసింది. "ఎవరూ ఏమీ ముట్టుకోకండి. మూత పెట్టి స్టార్ట్ చెయ్యండి, అంతే."

చేశాడు. స్టార్టయింది. తడిగుడ్డ లేదు, తోయడం లేదు, స్పానరు దెబ్బ లేదు, అక్కకి ఫోన్ కూడా లేదు. ఎక్కి మళ్లీ కొంత దూరం ఎత్తు మీదకి వెళ్లాం. మళ్లీ దగ్గు, మళ్లీ ఆలోచన. అక్క పక్కకి ఆపమంది. ఈసారి తనే దిగి, తనే మూత తిప్పింది. సుయ్‌య్.

"కుక్కర్," అంది.

మేమిద్దరం పులిహోర డబ్బా వైపు చూశాం.

"వెయిట్ కింద రంధ్రంలో పప్పు అడ్డుపడి, కుక్కర్ అలాగే చల్లారిపోయిందనుకోండి. మూత రాదు. వెయిట్ పీకి ఆ పప్పు గీకితే ఇదే చప్పుడు, గాలి లోపలికి పోతుంది. ఇందులోంచి పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ లోపలికి గాలి రావాలా వద్దా? రాకపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు ఎక్కడిది? ఆ గాలి వచ్చే దారి ఎక్కడుంది, చూడండి."

ముగ్గురం మూత చుట్టూ చేరి చూశాం. లోపలి వైపు సన్నటి రంధ్రం ఉంది. అది బయటికి ఎక్కడ తేలాలా అని మూత తిప్పాం. బయటి వైపు నడిమధ్య, సరిగ్గా రంధ్రం ఉండాల్సిన చోట, పసుపు గుట్ట. దాని మీద కుంకుమ బొట్టు. ఏడాదిన్నర శుక్రవారాలు ఒకదాని మీద ఒకటి ఎండలో కాలి ఇటుకలా బిగిసి ఉన్నాయి. పైన నిన్నటి నూనె పొర తళతళలాడుతోంది.

బావ మూత వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. లోపం ఎవరిదో తేల్చడమే ఆయన వృత్తి. ఇన్నేళ్ల కాపురంలో మొట్టమొదటిసారి తప్పు పూర్తిగా అవతలి పక్షానిది. సాక్ష్యం చేతిలో ఉంది, సాక్షిగా నేనున్నాను. అయినా నోరు మెదపలేదు. ఆయన తెలివైనవాడని నేను నమ్మింది ఆ క్షణంలోనే.

నాకు అంత తెలివి లేదు. "అక్కా," అన్నాను, "సవతికి ఊపిరాడకుండా చేసింది నువ్వా?"

అక్క గాజులకి తగిలించుకున్న పిన్నీసు ఒకటి తీసి, నేల మీద చతికిలబడి, మూత ఒళ్లో పెట్టుకుని గీకడం మొదలుపెట్టింది. పెంకులు పెంకులుగా ఊడింది. ఊడిన పసుపు కింద పడెయ్యకుండా చీర కొంగులో పోసుకుంది. చివరికి పిన్నీసు మొన అవతలికి దిగింది. మూత ఎత్తి ఆకాశం వైపు పట్టి చూసింది. ఆవగింజంత వెలుతురు.

"ఒక్క మాట," అంది లేస్తూ. "నేను పెట్టిన బొట్టు ఇన్నాళ్లూ చెక్కు చెదరలేదు. మీ ఉస్తాద్ చేసిన పని ఒక్కటైనా వారం నిలబడిందా?"

బావ నిలబడలేదని ఒప్పుకున్నాడు. ఇంకేమన్నా ఒప్పుకోమన్నా ఒప్పుకునేలా ఉన్నాడు.

ఆ తర్వాత ముసలామె కొండ ఎక్కిన తీరు గురించి చెప్పాలంటే, ఇందాకటి సైకిలాయన్ని దాటేశాం. దాటుతున్నప్పుడు బావ కిటికీ దింపి, ఏమన్నా సాయం కావాలా అని అడిగాడు. చిల్లరతనమే. కానీ చాలా రోజులుగా దాచుకున్న చిల్లర.

కల్బాలో సముద్రం చూశాం. అది ఎక్కడికీ పోలేదు. దాని ఎదురుగా కారు ఆపుకుని పులిహోర తిన్నాం. అక్క ఒకసారి బానెట్ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. వేడిగా ఉంది కాబట్టి తీసిందని చెప్పింది.

తిరుగు ప్రయాణంలో అసలు ప్రమాదం మలీహా దగ్గర వచ్చింది. ఎదురుగా రికవరీ బండి. పైన తళతళలాడే కొత్త ఎలక్ట్రిక్ కారు పడుకుని ఉంది. లోపల మన పఠాన్. మా కరక్ చాయ్ రంగుని దూరం నుంచే గుర్తుపట్టి, హారన్ కొట్టి, కిటికీలోంచి సగం శరీరం బయటపెట్టి చెయ్యూపుతున్నాడు.

"అటు సూడకు బామ్మర్ది," అన్నాడు బావ గొంతు తగ్గించి. "మొహం సూడొద్దన్నది షరతు."

నేను సీటు కింద దూరాను. బావ మెడ బిగించి, కళ్లు రోడ్డుకి అతికించి, తెలిసిన అప్పులవాణ్ణి దాటినట్టు దాటాడు. అక్క మాత్రం హాయిగా అటు తిరిగి, నవ్వి, చెయ్యూపింది.

బావ మొహం పాలిపోయింది. "నువ్వు సూసినవ్ గదా."

"నేను చూశాను. షరతు నాది. నేను చూడొచ్చు," అంది అక్క. "ముందు చూసి నడపండి. సోమవారం ఆ కఫే వాడికి ఫోన్ చేసి, వేరే సోఫా చూసుకోమని చెప్పండి."

బావ ఎత్తు లేని చోట కూడా ఒకసారి గేరు మార్చాడు. అల్ కుసైస్ చేరేలోపు పఠాన్ తనే ఫోన్ చేశాడు. పొద్దున్నుంచి కాల్ రాలేదు, మేమేమో మొహం తిప్పుకుని వెళ్లిపోయాం, కోపమొచ్చిందా అని కంగారు. బావ సంగతంతా చెప్పి, వచ్చే శుక్రవారం భోజనానికి రమ్మన్నాడు. కారు కోసం కాదు, ఊరికే అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

తర్వాత అల్ ఖూజ్ వెళ్లినప్పుడు ఉస్తాద్‌కి కూడా చెప్పాం. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మైఁ పహలే దిన్ బోలా థా, కహీఁ కచ్‌రా హై," అన్నాడు. మొదటి రోజే చెప్పాడు కదా, చెత్త అడ్డుపడిందని. ఆ మాట ఇంటికెళ్లాక అక్కకి చెప్పొద్దని బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే చెప్పలేదు, రాస్తున్నాను.

శుక్రవారం బొట్టు ఇప్పుడు మూతకి కాదు, నంబర్ ప్లేటు పైన పెడుతోంది అక్క. నాకు జబల్ అలీలో ఒక గోడౌన్‌లో ఉద్యోగం దొరికింది. తోసేవాడి పోస్టు ఖాళీగా ఉందిగానీ, ఎవరినీ తీసుకోవడం లేదు.

పాత కార్ల పెట్రోలు మూతకి గాలి ఆడటానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అప్పుడప్పుడు పిన్నీసుతో శుభ్రం చేసుకోవాలి.